నిద్రపోయిందని చెప్పింది

నా జుట్టు మళ్ళీ చెవుల దాకా పెరిగింది. మునుపటిలా సాఫీగా లేదు, రింగులు తిరిగింది. అద్దం ముందు నిలబడటానికి ఇప్పుడు భయం లేదు. కిందటేడు జరిగినదంతా రాసుకోమని, రాస్తే మనసు కుదుటపడుతుందని మా ఆయన సూరి చాలాసార్లు అన్నాడు. రాద్దామని కూర్చున్నప్పుడల్లా నా జబ్బు గురించి నాలుగు మాటలు రాసేలోపే పక్క కుర్చీ గుర్తొచ్చేది. ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని వదిలేసి నా సంగతి నేను రాసుకోలేను. అందుకని ఇద్దరి సంగతీ రాస్తున్నాను.

తైపూసం

మాది విజయనగరం. ఉద్యోగానికని కౌలాలంపూర్ వచ్చి, ఇక్కడే పుట్టి పెరిగిన సూరిని పెళ్ళి చేసుకున్నాను. సూరి వాళ్ళది బాగన్ దాతుక్ అనే ఊరు, ఇక్కడికి బస్సు ప్రయాణం. వాళ్ళ ముత్తాతలు కొబ్బరి తోటల్లో పనికి వచ్చినవాళ్ళు. మా అత్తయ్య సింహాచలమ్మ ఇప్పటికీ అక్కడే ఉంటుంది. ఆమె మాట వింటే మా నాయనమ్మ మాట్లాడుతున్నట్టే ఉంటుంది. మధ్యలో ఒక తమిళ మాటో మలాయ్ మాటో, మాట చివర ఇక్కడివాళ్ళ ఊతపదం "లా" దొర్లుతుంది, అంతే. సూరికి తెలుగు బాగానే అర్థమవుతుంది గానీ మాట్లాడబోతే మాటలు వెతుక్కోవాలి.

తైపూసం, అంటే ఇక్కడి తమిళుల మురుగన్ పండగ, సెలవు రోజున చీర కట్టుకుని భుజం మీద పిన్ను పెట్టుకుంటుంటే మెడ కింద ఏదో గట్టిగా తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను. ఇది చదివేవాళ్ళకు నేను చెప్పగలిగిన ఒకే ఒక్క వైద్యం మాట ఇది: నొప్పి లేని గడ్డను నమ్మకండి.

పరీక్షలయ్యాక డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి లింఫోమా అంది. చైనీయురాలు, మెల్లగా మాట్లాడే మనిషి. ఆ తరవాత ఆమె చెప్పినదేదీ గుర్తులేదు, నాకు గుర్తున్నది ఆమె బల్ల మీద ఉన్న చిన్న కాక్టస్ మొక్క మాత్రమే. సూరి బయటికొచ్చి కారు పార్కింగులో చాలాసేపు స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. కారు మాత్రం స్టార్టు చెయ్యలేదు.

ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాడు. లింఫోమాని తెలుగులో ఏమంటారో అతనికి తెలీదు. నన్నడిగితే నాకూ తెలీదు. క్యాన్సర్ అనే మాట అత్తయ్యకు తెలుసు. ఆ మాటే అతని నోట రాలేదు.

"మెళ్ళో సిన్న గెడ్డ లా, అమ్మా. డాక్టరు మందు ఏత్తాది. సరైపోద్ది."

"గెడ్డకి అంత దూరం ఆసుపత్రేటిరా? నానొత్తాన్నుండు," అంది అత్తయ్య.

మర్నాడే బస్సెక్కి వచ్చేసింది. సంచిలో కొబ్బరికాయలు, పసుపు కొమ్ములు. వచ్చిన దగ్గర్నుంచి రోజూ పొద్దున్నే పసుపూ సున్నమూ కలిపి నూరి నా మెడకు పట్టు వేసేది. చెప్పేద్దామని నేనంటే, "వద్దు పద్మా, అమ్మ తట్టుకోలేదు," అనేవాడు సూరి. ఆమె వేళ్ళు నా మెడ మీద ఎంత మెత్తగా తిరిగేవో చెప్పలేను. గడ్డ మెత్తబడుతోందని ఆమెకు అనిపించేది. ఆ సంతోషాన్ని చూడటం, ఇంట్లో ముగ్గురిలో ఇద్దరికి మాత్రమే తెలిసిన సంగతిని మోయడం, జబ్బు కంటే బరువుగా ఉండేది.

మందు మొదలుపెట్టిన కొన్నాళ్ళకే నా జుట్టు రాలడం మొదలైంది. ఒకరోజు నా తల దువ్వుతూ అత్తయ్య చేతిలోకి ఒక్కసారిగా వచ్చిన జుట్టు చూసి ఆగిపోయింది. దువ్వెన పక్కన పెట్టింది.

"ఇది గెడ్డ కాదు. తోటలో మా మరిదికి ఇలగే ఊడినాది. ఏటిది, అమ్మీ? నిజం సెప్పు."

సూరి అక్కడే ఉన్నాడు. నేల చూపులు చూస్తున్నాడు. నేనే చెప్పాను.

"క్యాన్సర్, అత్తయ్యా."

ఆమె ఏడవలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి, పసుపు నూరే రాయి కడిగి బోర్లించింది. తిరిగొచ్చి కొడుకు ముందు నిలబడింది.

"నాను రోజూ పసుపు నూరతంటే మీరిద్దరూ సూత్తా కూకున్నారు. నాను ఎర్రిదాన్నా? సెప్పరా, నాను నీకు అమ్మనా, ఎర్రిదాన్నా?"

ఆ రాత్రి అన్నం తినలేదు. కొడుకుతో మాట్లాడలేదు. మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు నాకంటే ముందే తయారై గుమ్మంలో చెప్పులేసుకుని నిలబడింది. ఆ డాక్టరు మాట్లాడేది ఇంగ్లీషు, నీకు తెలీదు కదా అని సూరి అంటే ఒకటే మాట అంది.

"తెలీకపోయినా ఇంటాను. నా సెవుల్తో ఇంటాను."

రంజాన్ నెల

మందెక్కించే వార్డులో వరసగా వాలు కుర్చీలుంటాయి. ఒక్కో కుర్చీ పక్కన ఒక స్టాండు, ఒక ప్లాస్టిక్ స్టూలు. స్టూలు మీద కూర్చునేవాళ్ళు కుర్చీలో ఉన్నవాళ్ళ కంటే ఎక్కువ అలిసిపోయి కనబడతారు. ఆ వార్డు నర్సు పేరు రోహానా. అందరూ కాక్ రోహానా అని పిలుస్తారు, అంటే అక్క అని. అది ఉపవాసాల నెల. పొద్దుట్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి మా కోసం వేడి నీళ్ళూ బిస్కెట్లూ మోసుకుంటూ తిరిగేది. నా నరం దొరక్క మూడోసారి గుచ్చాల్సి వచ్చినప్పుడు నాకంటే ముందు ఆమె కళ్ళలో నీళ్ళొచ్చాయి.

నా పక్క కుర్చీ తాండెకాది. దక్షిణాఫ్రికా మనిషి, జూలూ. కౌలాలంపూర్‌లో ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేది. వయసు నాదే. పొడుగ్గా, ఎండుకట్టెలా ఉండేది, గొంతు మాత్రం గది నిండేది. ఆమెదీ నాలాంటి జబ్బే గానీ మొండి రకం. ఒకసారి తగ్గి, మళ్ళీ వచ్చింది. పక్కన స్టూలు మీద వాళ్ళమ్మ, తలకు ఎప్పుడూ ఎర్ర గుడ్డ చుట్టుకుని కూర్చునేది. కూతుర్ని చూసుకోవడానికి డర్బన్ అవతల పల్లె నుంచి మొదటిసారి విమానమెక్కి వచ్చిన మనిషి. జూలూ తప్ప మరో భాష రాదు. తాండెకా ఆమెను "మామా" అని పిలిచేది.

అది విని అత్తయ్యకు నవ్వాగలేదు. "ఓలమ్మా, అమ్మని మామా అంటాదేటి ఈ పిల్ల!"

ఎందుకు నవ్విందో నేను ఇంగ్లీషులో చెప్పాను. తాండెకా తల్లికి జూలూలో చెప్పింది. మా భాషలో మామ అంటే మీసాలుంటాయని చెప్పిందట. ఆమె పొట్ట పట్టుకుని నవ్వి, పై పెదవి మీద వేలు పెట్టి మీసం తిప్పింది. ఆ రోజు నుంచి అత్తయ్య ఆమెను "వదినా" అంది. ఆమె అత్తయ్యను "సిసీ" అంది. అక్కచెల్లెళ్ళను అలా పిలుస్తారట.

ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకునేవాళ్ళు. బ్రిక్‌ఫీల్డ్స్‌లో మా ఫ్లాటుకు దగ్గర్లో ఉన్న కొట్టుకు ఇద్దరూ కలిసి వెళ్ళి మొక్కజొన్న పిండి తెచ్చారు. మామా దాన్ని పొడిపొడిగా వండి, పులిసిన పెరుగు పోసి పెట్టింది. అత్తయ్య ఒక ముద్ద తిని నావైపు తిరిగి, "అంబలన్నవే ఇది. ఈళ్ళు మనోళ్ళే లా," అంది.

వాంతులతో మేమిద్దరం ఏదీ తినలేని రోజుల్లో ఆ ఇద్దరూ వార్డు తలుపు బయట డబ్బాలు పట్టుకుని కూర్చునేవాళ్ళు. మేం ఒక చెంచా తింటే ఒకరి చెయ్యి ఒకరు తట్టుకునేవాళ్ళు.

డాక్టరు చెప్పేదంతా తాండెకాయే తల్లికి జూలూలో చెప్పాలి. కౌలాలంపూర్‌లో ఆ భాష తెలిసినవాళ్ళు ఇంకెవరున్నారు? రోగీ తనే, దుబాసీ తనే. ఒకసారి నాతో అంది, "నా ఒంట్లో ఏం జరుగుతోందో నేను రెండుసార్లు వినాలి పద్మా. ఒకసారి డాక్టరు నోట, ఇంకోసారి నా నోట."

క్యాన్సర్‌ని జూలూలో ఉమ్‌డ్లవూజా అంటారట. చీల్చి ధ్వంసం చేసేది అన్నట్టు వినబడుతుందట. ఆ మాటను తల్లి ముందు అనడానికి ఆమెకు వారం పట్టిందట. మిగతా మాటలకు తనే ఏదో ఒకటి కట్టుకునేది. ముక్క తీసి చూడటం, చేదు నీళ్ళు ఎక్కించడం, ఫోటో గొట్టంలో పడుకోవడం. తల్లి ప్రతి మాటనూ వెనక్కి అని చూసుకుని తలాడించేది.

మే నెల

మే నెలలో తీసిన స్కాను చూసి డాక్టరమ్మ నాతో రెమిషన్ అంది. మిగిలిన మందు పూర్తి చెయ్యాలి గానీ స్కానులో జబ్బు కనబడటం లేదంది. నేను ఏడ్చాను. సూరి డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆనందం కాస్త తగ్గాక భయం పట్టుకుంది. బయట అత్తయ్య కూర్చునుంది. ఏమని చెప్పాలి? తగ్గిపోయిందంటే అబద్ధం, డాక్టరు ఆ మాట అనలేదు. తగ్గలేదంటే అదీ అబద్ధమే. ఇంకోసారి ఆమెకు "గెడ్డ" లాంటి మాట చెప్పే ధైర్యం నాకు లేదు.

వార్డులోకి వచ్చి తాండెకాని అడిగాను. తనకు మొదటిసారి తగ్గినప్పుడు తల్లికి ఫోన్లో ఏం చెప్పిందో.

"ఉలేలే అన్నాను. పడుకుంది, నిద్రపోయింది అని. లేవచ్చు, లేవకపోవచ్చు. మా అమ్మకు అర్థమైంది. పసిపిల్లలున్న ఇంట్లో తిరిగినట్టు కొన్నాళ్ళు మెల్లగా మాట్లాడిందట ఇంట్లో," అని నవ్వింది.

అదే మాట తెలుగులో అత్తయ్యకు చెప్పాను. రోగం నిద్రపోయిందని.

అత్తయ్య నా మొహంలోకి చూసింది. "నిద్దరోతే మల్లీ లెగుత్తాది గదా?"

"లేవచ్చు, అత్తయ్యా. లేవకపోవచ్చు కూడా."

"సరి," అంది. నా తల మీద గుడ్డ సర్దింది. "ఇప్పుడు నిజం సెప్పినావు."

ఆగస్టు

ఆగస్టులో నా ఆఖరి మందు ఎక్కించుకునే రోజే తాండెకా స్కాను ఫలితం వచ్చింది. ఆమె మొహం చూస్తేనే తెలిసింది. నన్ను లోపలికి తోడు రమ్మంది. "నువ్వు మాట్లాడక్కర్లేదు. పక్కన ఉంటే చాలు," అంది.

డాక్టరమ్మ మెల్లగా, ఎక్కడా తడబడకుండా చెప్పింది. మందులు పనిచెయ్యడం లేదు. ఇక ఆ మందులు ఇవ్వడం వల్ల బాధ తప్ప ఉపయోగం లేదు. ఇకమీదట పాలియేటివ్ కేర్ అంది. ఇంట్లో చూసుకోవలసింది తల్లి కాబట్టి ఆమెకు ఇప్పుడే తెలియాలంది.

ఆ మాటకు తెలుగు ఏమిటని నా బుర్ర తనంతట తనే వెతికింది. ఉపశమన చికిత్స. దగ్గు మందు సీసా మీద ఉండే మాట. మా అత్తయ్యకు ఆ మాట చెబితే, ఉపశమనమంటే మంచిదే కదా అంటుంది. జూలూలో దానికేముందో నాకు తెలీదు.

డాక్టరమ్మ తాండెకా మీద ఆ భారం వెయ్యకూడదని తన ఫోనులో అనువాదం చేసే యాప్ తెరిచింది. రెండు వాక్యాలు ఇంగ్లీషులో చెప్పింది. ఫోను ఏదో పలికింది. మామా కనుబొమలు ముడిచి, కూతురి వంక చూసింది. తాండెకా పెదవి బిగబట్టి అంది, "మిమ్మల్ని మెత్తటి చోట కూర్చోబెడతాం అంటోంది డాక్టర్, మీ ఫోను. నేనే చెబుతాను."

తల్లి వైపు తిరిగి, ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని మాట్లాడింది. స్కూల్లో పిల్లలకు కథ చెబుతున్నట్టు చెప్పింది. నాకు ఆ భాషలో తెలిసిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒకటి స్పష్టంగా వినబడింది.

ఉలేలే.

మామా ఒక్క అరుపు అరిచింది. సంతోషంతో. లేచి కూతురి తల తన పొట్టకు హత్తుకుని, పైకి చూసి ఏదో అంటూ కాళ్ళతో నేల మీద దరువేసింది. డాక్టరమ్మ చేతులు పట్టుకుని ఊపింది. నన్ను పట్టుకుని ఊపింది. ఆమె చెంపల మీద కన్నీళ్ళు నా చెంపలకు అంటుకున్నాయి.

డాక్టరమ్మ అయోమయంగా చూసింది. "ఆవిడకు అర్థమైందా?"

"అయింది," అంది తాండెకా.

డాక్టరమ్మ నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను.

బయటికొచ్చాక తాండెకా నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "నువ్వు విన్నావు. నాకు తెలుసు. నోరెత్తకు."

దీపావళి ముందు

తరవాతి రెండు నెలలూ నేను బాగుపడుతూ వచ్చాను. ఆమె కరిగిపోతూ వచ్చింది. నాకు ఆకలి వేసేది. నోటికి రుచి తెలిసేది. తింటున్నప్పుడల్లా సిగ్గుగా ఉండేది. వారానికి రెండుమూడుసార్లు అత్తయ్యా నేనూ వాళ్ళ ఇంటికి వెళ్ళేవాళ్ళం. నొప్పికి మందు పెంచారు. ఆమె పగలంతా మగతగా పడుకునేది. మామా పక్కనే కూర్చుని ఆమె కాళ్ళు రాస్తుండేది. జబ్బు నిద్రపోతే పిల్ల ఎందుకు లేవలేకపోతోందో ఆమెకు అంతుపట్టడం లేదు. తన వంట పడటం లేదేమోనని రోజుకొక రకం వండేది. ఒకరోజు నా ముందు ఖాళీ చేతులు చాచి, కూతుర్ని చూపించి, గిన్నె చూపించి, తన గుండె మీద కొట్టుకుంది. తప్పు తన చేతి వంటలో ఉందేమోనని అడుగుతోంది.

మెట్లు దిగుతుంటే అత్తయ్య ఆగిపోయింది.

"అమ్మీ, వదినకి కూడా గెడ్డని సెప్పినారా?"

చెప్పేశాను. ఆ గదిలో విన్నదంతా చెప్పాను. అత్తయ్య మెట్టు మీద కూలబడింది.

"తల్లి వంట మీద నేరం ఏసుకుంటన్నాది. అది సూత్తా ఎలగున్నావు? నాను పసుపు నూరినాను. నువ్వు లేసి తిరుగుతున్నావు కాబట్టి నాను మరిసిపోయినాను. ఆ పిల్ల పోతే ఈ తల్లి మరుత్తాదా? పైకెల్లి సెప్పు. నువ్వు సెప్పకపోతే నాను సెప్తాను. తెలుగులోనే సెప్తాను. నా మొగం సూసి తెలుసుకుంటాది."

పైకి వెళ్ళాను. తాండెకా మెలకువగా ఉంది. చెప్పాల్సింది చెప్పాను. వంట సంగతి చెప్పాను. మా ఇంట్లో పసుపు సంగతి చెప్పాను.

ఆమె దిండు మీద తల నావైపు తిప్పింది.

"నీది నిజంగానే నిద్రపోయింది. నీకు తేలికే," అంది.

ఆ మాట ఇప్పటికీ అప్పుడప్పుడూ నన్ను లేపుతుంది. కదలకుండా స్టూలు మీద కూర్చున్నాను. ఆమే మళ్ళీ మాట్లాడింది.

"మా భాషలో మాట లేదనుకుంటున్నావా? ఉంది. చిన్న మాటే. అది నా నోట రాకూడదు. నీకంటే ముందు పోతున్నానమ్మా అని తల్లితో కూతురు ఎలా అంటుంది? మాలో అలాంటి కబురు పెద్దవాళ్ళు తెస్తారు. వచ్చి కూర్చుని, ముందు వానల గురించి మాట్లాడి, అప్పుడు చెబుతారు. ఇక్కడ నాకు పెద్దవాళ్ళెవరు? ఆ డాక్టరా, ఫోనా?"

"అక్కడ, మీ ఊళ్ళో ఉన్నారా?" అన్నాను.

"మా అమ్మకు అన్న ఉన్నాడు."

మర్నాడు సాయంత్రం సూరి తన ల్యాప్‌టాప్ తెచ్చి మంచం ఎదురుగా పెట్టాడు. తెర మీద తెల్లటి గడ్డం ముసలాయన. పొద్దున్నే తాండెకా ఆయనతో విడిగా మాట్లాడింది. ఆయన కోటు వేసుకుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వెనకాల ఇంకొందరు ఆడవాళ్ళు. ఆయన చాలాసేపు మాట్లాడాడు. తాండెకా నాకు గుసగుసగా చెప్పింది: "పశువుల గురించి... వాన పడిందట... దారి పాడైందట." ఆ తరవాత నాకు చెప్పడం ఆపేసింది. అర్థం చెప్పాల్సిన పని కూడా లేకపోయింది.

మామా అరవలేదు. ల్యాప్‌టాప్ వైపే చూస్తూ, మంచం మీద ఉన్న కూతురి పాదాన్ని చేత్తో వెతికి పట్టుకుంది. తెరలో ఆడవాళ్ళు మెల్లగా పాడటం మొదలుపెట్టారు. అత్తయ్య వెళ్ళి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. సూరి గది బయటికి వెళ్ళిపోయాడు. తన అమ్మకు నిజం చెప్పలేకపోయిన మనిషి, వరండాలో నిలబడి ఏడ్చాడు.

పాట ఆగాక మామా కూతుర్ని ఒక్కటే ప్రశ్న అడిగింది. తాండెకా కళ్ళు మూసుకుంది.

"ఇంటికి తీసుకెళ్ళొచ్చా అంటోంది."

కాక్ రోహానా ద్వారా డాక్టరమ్మను అడిగాం. ఆగస్టులో అయితే వెళ్ళగలిగేదట. ఇప్పుడు విమానంలో అంత దూరం కూర్చోలేదు, ఏ విమానం వాళ్ళూ ఎక్కించుకోరు. ఈ జవాబును తాండెకాయే తన నోటితో తల్లికి చెప్పింది. ఈసారి మార్చి చెప్పలేదని నాకు తెలుసు. ఎందుకంటే మామా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, మాకు వీపు పెట్టి, చీకటి పడేదాకా అక్కడే నిలబడింది. కూతురు పిలుస్తున్నా తిరగలేదు. తిరిగి వచ్చాక ఆమె పక్కన మంచమెక్కి పడుకుంది. మేము తలుపు దగ్గరగా వేసి వచ్చేశాం.

నేనెవర్నీ తప్పుపట్టి ఇది రాయడం లేదు. సూరి ప్రేమతోనే గెడ్డ అన్నాడు. తాండెకా ప్రేమతోనే ఉలేలే అంది. ఇళ్ళల్లో ఇలాంటి జబ్బు ఉన్నవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, మాట దొరకడం లేదని మీకనిపిస్తే, ఆ మాట ఎవరు చెబితే బాగుంటుందో ముందు ఆలోచించండి. ఆలస్యం మాత్రం చెయ్యకండి. వాళ్ళు ఇంటికి వెళ్ళాల్సిన రోజులు ఆ ఆలస్యంలో పోయాయి.

నవంబరు వానలు

నవంబరులో తాండెకాని మళ్ళీ వార్డులో చేర్చాల్సి వచ్చింది. పెద్ద వాన పడుతున్న మధ్యాహ్నం అక్కడే పోయింది. ఆ చివరి రోజుల్లో తల్లీకూతుళ్ళు చాలా మాట్లాడుకున్నారు. ఒక్కోసారి నవ్వు కూడా వినబడేది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు.

శవాన్ని ఇంటికి పంపే ఏర్పాట్లు ఆమె స్కూలు వాళ్ళు చూశారు. మామా అదే విమానంలో వెళ్ళాలి. ఇంతలో అన్నగారు ఫోన్ చేసి సూరికి ఇంగ్లీషులో ఒక సంగతి చెప్పాడు. పరాయి చోట చనిపోయినవాళ్ళ ఒంటిని తెస్తే సరిపోదట. ఆత్మను కూడా పిలిచి తీసుకురావాలట. దానికి ఒక ముళ్ళ చెట్టు కొమ్మ కావాలట. మనిషి పోయిన చోట ఆ కొమ్మ పట్టుకుని పేరు పెట్టి పిలిచి, దారి పొడుగునా ప్రతి మలుపూ చెబుతూ ఇంటిదాకా తీసుకెళ్ళాలట. కొమ్మ పట్టుకున్నవాళ్ళు దారిలో ఇంకెవరితోనూ మాట్లాడకూడదట. ఫోటో పంపాడు. కౌలాలంపూర్‌లో ఆ చెట్టు ఎక్కడ దొరుకుతుంది?

అత్తయ్య సూరి చేతిలోంచి ఫోను లాక్కుని చూసింది.

"ఓరి, రేగు కాదేట్రా ఇది?"

అచ్చంగా అదే కాదు, ఆ జాతిదే. కాక్ రోహానాకు చూపిస్తే, "బిదారా," అంది వెంటనే. మలాయ్‌లో రేగును అలాగే అంటారట. వాళ్ళ పెరట్లో ఉందంది. ఆ సాయంత్రం డ్యూటీ దిగి, తడిసిన కొమ్మను పాత కండువాలో చుట్టి పట్టుకొచ్చింది. తెచ్చినందుకు థాంక్స్ కూడా చెప్పనివ్వకుండా వెంటనే వెళ్ళిపోయింది. మామా కొమ్మను అటూ ఇటూ తిప్పి, ఒంకర ముల్లును వేలితో తాకి చూసి, తలాడించింది.

వార్డులో తాండెకా పోయిన మంచం ఖాళీగానే ఉంది. మామా ఆ కొమ్మతో దుప్పటి మీద రాసి, పేరు పెట్టి పిలిచింది. గట్టిగా, పొలంలో ఉన్న పిల్లను అన్నానికి పిలిచినట్టు. ఇక ఆ క్షణం నుంచి ఆమె మాలో ఎవరితోనూ మాట్లాడలేదు. కొమ్మతోనే మాట్లాడింది. లిఫ్టు ఎక్కుతూ చెప్పింది, దిగుతూ చెప్పింది. ఇన్నాళ్ళూ కూతురు తల్లికి ఒక్కో మాటా విడమరిచి చెప్పింది. ఇప్పుడు తల్లి చెబుతోంది. టాక్సీ డ్రైవరు తమిళతను. ఎంతమందమ్మా అని అడిగితే అత్తయ్య తడుముకోకుండా తమిళంలో నలుగురం అంది. కూర్చున్నది ముగ్గురం. అతను అద్దంలోంచి చూసి, ఒళ్ళో కొమ్మను చూసి, రేడియో కట్టేశాడు.

విమానాశ్రయంలో లోపలికి వెళ్ళే గేటు దగ్గర నాకు ఒకటే దిగులు. మొక్కలూ కొమ్మలూ తీసుకెళ్ళనిస్తారో లేదో. అక్కడ కూర్చున్న ఆఫీసరు వయసులో ఉన్న మలాయ్ కుర్రాడు, మొహం చిటపటలాడుతోంది. చేత్తో ఆపాడు. ఇదేమిటని అడిగాడు. మామా అతనితో మాట్లాడలేదు, మాట్లాడకూడదు. కండువా మడత కొంచెం విప్పి చూపించింది.

అతను వంగి ఆకు చూశాడు. మొహం మారిపోయింది.

"బిదారా?" అన్నాడు.

ముస్లింలలో శవానికి స్నానం చేయించే నీళ్ళలో ఆ ఆకు వేస్తారని కాక్ రోహానా తరవాత నాకు చెప్పింది. అప్పుడు నాకు తెలీదు.

"ఎవరు పోయారు?" అని మలాయ్‌లో అడిగాడు.

"ఆవిడ కూతురు," అన్నాను.

అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కండువా మడతను తనే మళ్ళీ కప్పి, పక్కకు తప్పుకుని దారిచ్చాడు. మామా కొమ్మను గుండెకు ఆనించుకుని, దాని చెవిలో చెబుతున్నట్టు ఏదో అంటూ లోపలికి నడిచింది. వెనక్కి తిరగలేదు. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, ఆ ఎర్ర తలగుడ్డ జనంలో కనబడినంతసేపూ అక్కడే నిలబడింది.